నష్టచిత్రముల పునర్నిర్మాణము – కృత్రిమ మేధ : పాఠపరిష్కరణ దృష్టితో నొక విమర్శ

ప్రాచీన గ్రంథములను పరిష్కరించువారికి ‘గ్రంథపాతము’ అను మాట క్రొత్తది కాదు. తాళపత్రపు కొన విఱిగిపోయినను, పురుగు తొలిచినను, లేఖకుడు పరాకున నొక పంక్తిని విడిచినను, పరిష్కర్త ఆ చోట బిందువుల వరుసను ముద్రింపించి, అడుగున ‘ఇచట గ్రంథపాతము’ అని సూచించును. తనకు తోచిన పూరణ మున్నచో దానిని కుండలీకరణములలో నుంచును. ప్రతిలో నున్న దేదియో, పరిష్కర్త యూహించిన దేదియో చదువరికి వేఱువేఱుగా తెలియవలెననుట ఈ చిన్న మర్యాదకు మూలమైన నియమము. ఈ నియమమును పాటింపని ముద్రణము ఎంత సుందరముగా నున్నను శాస్త్రీయ పరిష్కరణ మనిపించుకొనదు.

ఇప్పుడు చిత్రకళారంగమున ఇట్టి గ్రంథపాతములను పూరించుటకు నొక క్రొత్త లేఖకుడు వచ్చినాడు. అతడు మనుష్యుడు కాడు, యంత్రము. లోకమున ఏఐ యని వ్యవహరింపబడు కృత్రిమ మేధలో, క్రొత్త చిత్రములను, క్రొత్త వాక్యములను కల్పింపగల శాఖకు ఉత్పాదక కృత్రిమ మేధ యని పేరు. కాలిపోయిన చిత్రములకు వర్ణములను, కత్తిరింపబడిన చిత్రములకు అంచులను, అసలే కానరాని కట్టడములకు రూపమును ఈ యంత్రము సమకూర్చుచున్నది. ఇది చిత్రకళావిమర్శకుల విషయమనియు, తెలుగుశాఖవారికి దీనితో పనిలేదనియు కొందఱు తలపవచ్చును. మేమట్లు తలపము. పోయినదానిని పూరించు విద్యలో మనకు తాతలనాటి అనుభవము కలదు. ఆ యనుభవముతో ఈ క్రొత్త పూరణములను తూచి చూచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట యంత్రము పనిచేయు తీరును సంగ్రహముగా చెప్పుట యవసరము. ఈ యంత్రమునకు అసంఖ్యాకములైన చిత్రములను చూపుదురు. ఏ రూపము ప్రక్కన ఏ రూపము తఱచుగా వచ్చునో, ఏ ఆకృతికి ఏ వర్ణము తఱచుగా పొసగునో అది సంఖ్యల రూపమున గ్రహించును. తరువాత నొక ఖాళీని చూపి పూరింపుమన్నచో, తాను గ్రహించిన సంబంధములనుబట్టి ఆ చోట సంభవించుట కెక్కువ యవకాశము గల దానిని నింపును. కావున యంత్రము తెలుపునది ‘ఇచ్చట నిది యుండెను’ అని కాదు. ‘ఇట్టిచోట్ల సామాన్యముగా నిట్టిది యుండును’ అని మాత్రమే. ఈ రెండు వాక్యములకు గల భేదమే మా విమర్శకు మూలము.

ఇక ఉదాహరణములను పరిశీలింతము. నెదర్లాండ్సు దేశమున ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి రైక్స్ మ్యూజియమున రెంబ్రాంట్ 1642లో రచించిన ‘నైట్ వాచ్’ అను ప్రసిద్ధ చిత్రము కలదు. ఫ్రాన్స్ బానింగ్ కాక్ అను దళపతియు, అతని నగరరక్షక దళమును ఇందలి వస్తువు. 1715లో ఈ చిత్రమును నగరసభా భవనమునకు తరలించినపుడు, అచ్చటి గోడకు సరిపోలేదని నాలుగు వైపులను కత్తిరించిరి. ఎడమవైపున పోయినదే యెక్కువ. సుమారు 60 సెంటీమీటర్ల భాగము అందలి మూర్తులతో సహా నశించినది. ఆ ముక్కలు మఱల దొరకలేదు. ఇప్పుడు మిగిలిన చిత్రము ఎత్తు సుమారు 3.8 మీటర్లు, వెడల్పు సుమారు 4.5 మీటర్లు.

అదృష్టవశమున, కత్తిరింపునకు పూర్వమే గెరిట్ లుండెన్స్ అను చిత్రకారుడు దీనికొక చిన్న ప్రతిని వ్రాసియుండెను. మన పరిభాషలో చెప్పవలెనన్న, మాతృక ఖండితమైనను, ఖండనమునకు పూర్వమే దానినుండి యెత్తివ్రాసిన ప్రత్యంతరము నిలిచియున్నది. 2019లో ఆరంభమైన బృహత్పరిశోధనలో భాగముగా రాబర్ట్ ఎర్డ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రతిని ఆధారముగా గొని కృత్రిమ మేధచేత లోపించిన అంచులను చేయించెను. పని మూడంచెలుగా జరిగినది. మూలమునందును, ప్రతియందును సమానముగా నున్న స్థానములను గుర్తించుట మొదటిది. లుండెన్స్ ప్రతిలో చోటుచేసికొన్న వంకరలను సవరించి మూలముతో పొసగించుట రెండవది. ప్రతిలోని వర్ణములను, కుంచెపోకడను రెంబ్రాంట్ రీతికి మార్చుట మూడవది. ఇట్లు సిద్ధమైన అంచులను వస్త్రముపై ముద్రించి 2021లో కొంతకాలము మూలచిత్రముచుట్టును అమర్చి ప్రదర్శించి, పిమ్మట తీసివేసిరి.

ఈ పూరణమును మేము మూడు కారణములచే ప్రశంసించుచున్నాము. దీనికి సాక్షి కలదు. అది సమకాలికుని ప్రతి. పూరణము మూలమునకు అంటక విడిగా అమర్పబడినది. చూపరికి ఎల్ల తెలియుచుండెను. అది తాత్కాలికము. ఆ యెల్లయే మన ముద్రణములలోని కుండలీకరణము. ప్రయోజనమును స్వల్పము కాదు. అంచులు చేరగానే దళపతియు అతని సహచరుడును చిత్రమధ్యమునుండి కుడికి జరిగిరి. దళమంతయు ఎడమవైపునకు నడచుచున్న వేగము గోచరించినది. చిత్రమధ్యమున నాయకులు నిలిచినట్లు కానవచ్చుట రెంబ్రాంట్ చేసిన విన్యాసము కాదనియు, కత్తెర చేసిన విన్యాసమనియు తెలిసినది.

అయినను ఇచ్చటనే యొక వివేకము కావలెను. మూర్తులు ఎవరెచ్చట నిలిచిరను విషయమునకు లుండెన్స్ సాక్ష్యము చాలును. కాని అతని ప్రతి యొక మీటరు వెడల్పైనను లేనిది. ఆ చిన్న పలకమీద రెంబ్రాంట్ కుంచెదెబ్బ, రంగుపూత మందము, నీడలోని సూక్ష్మభేదములు పట్టవు. కావున అంచులలో విన్యాసము సాక్ష్యమూలకము, కుంచెపోకడ ఊహామూలకము. ఒకే పూరణమునందు ఈ రెండును కలసియున్నవి. ఎల్లగీత పూరణమెక్కడ మొదలగునో చూపగలదే కాని, పూరణములోపల ఏది సాక్ష్యమో ఏది యూహయో చూపజాలదు.

రెండవ యుదాహరణము వియన్నా నగరమునకు సంబంధించినది. అచ్చటి విశ్వవిద్యాలయ మహాసభామండపము కొఱకు 1894లో గుస్టావ్ క్లింట్‌ను చిత్రములు వ్రాయుమని కోరిరి. ‘తత్త్వశాస్త్రము’, ‘వైద్యము’, ‘న్యాయశాస్త్రము’ అను ఆ మూడు చిత్రములు వరుసగా 1900, 1901, 1903 సంవత్సరములలో ప్రదర్శింపబడినవి. మొదటిదానిని జూచి 87 మంది ఆచార్యులు నిరసనపత్రముపై సంతకములు చేసిరి. ఆ చిత్రమే అదే సంవత్సరము పారిస్ ప్రపంచప్రదర్శనమున స్వర్ణపతకమును పొందెను. వివాదము తీరకపోగా క్లింట్ 1905లో ఆ పనినుండి తొలగి, తీసికొన్న ధనమును తిరిగియిచ్చివేసెను. యుద్ధకాలమున భద్రత కొఱకు ఇమ్మెన్‌డోర్ఫ్ కోటలో నుంచిన ఈ మూడు చిత్రములును 1945 మే నెలలో ఆ కోటతోపాటు దగ్ధమైనవి.

మిగిలినవి నలుపు తెలుపుల ఛాయాచిత్రములు. ‘వైద్యము’లోని హైజియా యను దేవతామూర్తికి మాత్రము రంగుల ముద్రణమొకటి కలదు. ఇవి గాక, చిత్రములను కన్నులార జూచిన లుడ్విగ్ హెవెసి మొదలైన పత్రికావిమర్శకుల వర్ణనలు ఉన్నవి. 2021లో గూగుల్ సంస్థవారు వియన్నాలోని బెల్వెడేర్ చిత్రశాలవారితో గలసి, ఫ్రాంజ్ స్మోలా యను క్లింట్ విశేషజ్ఞుని సాహాయ్యముతో, ఎమిల్ వాల్నర్ అను యంత్రవిద్యానిపుణునిచేత ఈ చిత్రములకు మఱల వర్ణములను చేయించిరి. లోకమందలి సామాన్యచిత్రములనుండియు, క్లింట్ రచించిన ఇతర వర్ణచిత్రములనుండియు యంత్రము నేర్చినది. విమర్శకుల వర్ణనలలో దొరకిన రంగులను పండితులు తామే ఆయా స్థానములందు సూచించిరి.

ఇచ్చట రేఖ సాక్ష్యము, వర్ణము చాలవఱకు ఊహ. వివేకులైన కర్తలు పత్రికావర్ణనలను వెదకి యంత్రమునకు అందించుట శ్లాఘ్యము. ‘తత్త్వశాస్త్రము’లో ఆకుపచ్చ వర్ణము ప్రబలముగా నుండెనని చూచినవారు వ్రాసియుండకపోయినచో, ఆకాశమనగానే నీలమును పూయుట యంత్రమునకు సహజమై యుండెడిది. ఒక పత్రికావిమర్శకుడు వ్రాసిన ఒక్క విశేషణము వేలకొలది చిత్రముల సామాన్యజ్ఞానముకంటె బలవత్తర మయినదన్నమాట. సాహిత్యవిద్యార్థులు ఈ సంగతిని మఱువరాదు: ఈ చిత్రముల రంగునకు మిగిలిన ముఖ్యసాక్ష్యము వచనమే.

కాని మఱియొక చిక్కు కలదు. క్లింట్ ఈ చిత్రములను మొదట ప్రదర్శించిన పిమ్మటను కొన్నేండ్లు దిద్దుచునే యుండెను. కావున ‘తత్త్వశాస్త్రము’నకు ఒకటే పాఠము లేదు. 1900లో చూచినవాని వర్ణన ఒక దశకు చెందినదై, పిమ్మటి ఛాయాచిత్రము మఱియొక దశకు చెందినదై యుండవచ్చును. ఒక దశలోని రేఖకు వేఱొక దశలోని రంగు చేర్చినచో ఏర్పడునది క్లింట్ ఏనాడును వ్రాయని సంకరపాఠము. రెండు భిన్నశాఖల ప్రతులను కలిపివేసిన పరిష్కర్తను మనమెట్లు ప్రశ్నింతుమో, ఇచ్చటను అట్లే ప్రశ్నింపవలెను. రంగులద్దిన చిత్రము ఒక్కటిగా, అఖండముగా కనబడును. ఆ యఖండతయే చూపరిని ప్రశ్నింపనీయదు.

మూడవది పై రెంటికి భిన్నము. 2016లో రెంబ్రాంట్ చిత్రములు 346 పరిశీలించి, వానిలోని లక్షణములను యంత్రముచేత కూర్పించి, ఒక పురుషుని ముఖచిత్రమును నిర్మించి ‘నెక్స్ట్ రెంబ్రాంట్’ అని పేరుపెట్టిరి. ఇట్టి చిత్రము రెంబ్రాంట్ వ్రాసినదియు కాదు, పోయినదియు కాదు. దీనిని పునర్నిర్మాణమనుట పొరపాటు. ఇది అనుకరణకావ్యము వంటిది. వినోదముగా చూడదగినదే, చరిత్రకు సాక్ష్యము మాత్రము కాదు. సాక్షి యున్న పూరణము, సగము సాక్షి గల పూరణము, సాక్షియే లేని కల్పనము అను మూడును నేడు జనుల వాడుకలో ఒకే పేరున చెల్లుచున్నవి. విమర్శకుని మొదటి పని వీనిని వేఱుచేయుట.

పాఠపరిష్కరణ శాస్త్రమున ప్రసిద్ధమైన సూత్రమొకటి కలదు. రెండు పాఠములలో ఒకటి సులభమై మఱియొకటి క్లిష్టమైనపుడు, క్లిష్టపాఠమే మూలపాఠమగుటకు అవకాశ మెక్కువ. ఏలయనగా, లేఖకుడు తనకు తెలియని మాటను తెలిసిన మాటగా మార్చును గాని, తెలిసినదానిని తెలియనిదానిగా మార్చడు. ఇందు లేఖకుని దురుద్దేశ మేమియు లేదు. పరిచితమైనదానివైపు వంగుట చేతి స్వభావము. ఉత్పాదక కృత్రిమ మేధ ఈ లేఖకుని స్వభావమునే నియమముగా జేసికొన్న యంత్రము. అది ప్రతి ఖాళీలోను సులభపాఠమునే వ్రాయును. మహాచిత్రకారుడు మహాచిత్రకారు డగుట తఱచుగా క్లిష్టపాఠమును వ్రాయుటచేతనే. 87 మంది ఆచార్యులను కోపింపజేసినది ఆ చిత్రమందలి సామాన్యాంశము కాదు గదా!

ఈ సూత్రమునకు మా తరగతిలోనే నిదర్శనము దొరకినది. ఒక విద్యార్థి అమరావతీస్తూపమును యంత్రముచేత ‘పునర్నిర్మించి’ మాకు చూపించెను. చిత్రము మనోహరముగా నుండెను. వెన్నెల, కృష్ణానది, దీపములు, ప్రదక్షిణము చేయు భిక్షువులు, అన్నియు గలవు. కాని నాలుగు దిక్కుల నిలువవలసిన ఆయకవేదికలు లేవు. వానిపై ఐదేసి చొప్పున నిలుచు ఆయకస్తంభములు లేవు. వానికి మాఱుగా సాంచీలోనివంటి తోరణములు నిలిచియుండెను. ఆంధ్రదేశపు స్తూపమునకు ప్రత్యేకలక్షణమేదియో అదియే లోపించి, లోకమునకు మిక్కిలి పరిచితమైన వేఱొక స్తూపలక్షణము వచ్చి చేరినది. సాంచీ చిత్రములు లోకమున విస్తారముగా నుండుటయే ఇందుకు కారణమని మా యూహ. క్లిష్టపాఠము పోయి సులభపాఠము నిలుచుట యనగా ఇదియే.

ఇందు విచారకరమైన దేమనగా, అమరావతికి సాక్ష్యములు లేకపోలేదు. స్తూపము శిథిలమైనను, స్తూపరూపమునే చెక్కిన శిలాఫలకములు చెన్నపట్టణపు మ్యూజియమునందును, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియమునందును ఉన్నవి. వానిలో ఆయకస్తంభములు స్పష్టముగా కానవచ్చును. 1816లో మొదలుపెట్టి కర్నల్ కాలిన్ మెకంజీ తన చిత్రకారులచేత వ్రాయించిన రేఖాచిత్రములు నేటికిని లండన్‌లో భద్రముగా నున్నవి. నేడు కానరాని శిలలకు కొన్నింటికి ఆ చిత్రములే దిక్కు. ఆ విద్యార్థి బుద్ధిమంతుడు. అతడు సాక్ష్యమును వెదకకపోవుటకు సోమరితనము కారణము కాదు. ఇంత నిండైన చిత్రము కన్నులయెదుట నిలిచినపుడు వెదకవలసిన దింకేదియో కలదని అతనికి తోచలేదు. మా భయమంతయు ఈ ఒక్క విషయమునందే యున్నది. ఖాళీ పరిశోధకుని పిలుచును. నిండిన ఖాళీ పిలువదు.

‘మన పూర్వులు మాత్రము పూరింపలేదా?’ అని యడుగువారుందురు. పూరించిరి. ఆంధ్రమహాభారతమున అరణ్యపర్వము చతుర్థాశ్వాసమున 142వ పద్యముతో నన్నయ రచన నిలిచిపోయినది. పదునొకండవ శతాబ్దినాటి ఆ రచనకు పదునాలుగవ శతాబ్దివాడైన ఎఱ్ఱన శేషమును పూరించెను. రాజరాజనరేంద్రునే సంబోధించుచు, నన్నయ రీతికి దగ్గఱగా ఆరంభించి, తరువాతి తిక్కన రచనతో పొసగునట్లు నడపెను. అనుకరణమున ఇంతకు మించిన నేర్పు మన సాహిత్యమున దుర్లభము. కాని పర్వాంతమున అతడు తన పేరును చెప్పుకొన్నాడు. పూరణమెక్కడ మొదలైనదియు మనకు తెలియును. మఱియు నన్నయ శేషభాగమును వ్రాయనే లేదా, వ్రాసినది నశించినదా యను విషయమున పండితులలో భేదాభిప్రాయములున్నవి. ఎఱ్ఱన పూరణము ఆ చర్చను మూసివేయలేదు. ఎఱ్ఱన నన్నయ పోయిన పద్యములను తిరిగి తెచ్చితినని చెప్పలేదు; తన పద్యములను ఇచ్చెను. యంత్రముచేత పూరింపించువారు ఈ వినయమును నేర్వవలసియున్నది.

చిత్రములే కాదు, ప్రదర్శనములను పునర్నిర్మించుటయు నేడు కలదు. 1813లో లండన్‌లో జరిగిన జాషువా రెనాల్డ్స్ చిత్రప్రదర్శనమును, నవలాకర్త్రి జేన్ ఆస్టెన్ చూచిన ఆ ప్రదర్శనమును, టెక్సస్ విశ్వవిద్యాలయాచార్యురాలు జనీన్ బార్కస్ 2013లో కంప్యూటరుపై నిలిపెను. అందు ఉత్పాదక కృత్రిమ మేధ లేదు. ఆనాటి ప్రదర్శన పట్టిక, భవనపు కొలతలు, మిగిలిన చిత్రములు మాత్రమే ఆధారములు. ఏ గోడపై ఏ చిత్రముండెనను ప్రశ్నకు అది సమాధానము వెదకును. చూచినవారి కన్నులలోని కాంతిని కల్పింపదు. పట్టిక చెప్పగలిగినంతయే చెప్పించుటలో నున్న బలము ఇట్టి పనులవలన తెలియును.

ఇక ప్రతిపక్షము. ‘నలుపు తెలుపు ఛాయాచిత్రము పండితులకు చాలునేమో, సామాన్యునికి అది మృతచిత్రము. యంత్రము వర్ణము పూసినపుడే అతడు క్లింట్‌ను గూర్చి విచారించును. తెరిపి లేక బిందువులు ముద్రించిన గ్రంథమును ఎవరు చదువుదురు?’ ఈ వాదమును మేము త్రోసిపుచ్చజాలము. పరిష్కర్త లెవ్వరును ఊహను పూర్తిగా విడిచిన వారు కారు; ఊహ లేనిచో శిథిలప్రతి శిథిలముగానే యుండిపోవును. మఱియు యంత్రమునకు మనుష్యునికి లేని యొక శక్తి కలదు. ఒకే ఖాళీకి అది నూఱు పూరణములను ఈయగలదు. ఆ నూఱింటిలో ఒకదానినే యెన్నుకొని మెఱుగుపెట్టి చూపుటవలన ఊహ నిశ్చయముగా భ్రమింపజేయును. నూఱును ప్రక్కప్రక్కన చూపినచో, ఎచ్చట అవి యేకీభవించునో ఎచ్చట చెదరునో తెలిసి, మన యజ్ఞానముయొక్క పరిమాణమే కంటికి కనబడును. కావున దోషము యంత్రమునందు కంటె, దానిని ఒక్కమాట మాత్రమే చెప్పుమని శాసించువారియందే యెక్కువగా నున్నది.

ఈ కారణములచే మేము కొన్ని నియమములను ప్రతిపాదించుచున్నాము. మొదటిది: పూరింపబడిన ప్రతి భాగమునకు ఆధారపట్టిక యుండవలెను, ఇది ప్రతివలన, ఇది ఛాయాచిత్రమువలన, ఇది వర్ణనవలన, ఇది కేవలము యంత్రమువలన వచ్చినదని తెలుపవలెను. రెండవది: మూలమునకును పూరణమునకును నడుమ కంటికి తెలియు ఎల్ల యుండవలెను, ఆ యెల్ల చిత్రమును ఎవరు ఎచ్చట పునర్ముద్రించినను చెఱిగిపోరాదు. మూడవది: ఏ కాలపు పాఠమును నిర్మించుచున్నారో చెప్పవలెను. నాలుగవది: ఒక్క పూరణము గాక పాఠాంతరములను చూపవలెను. ఐదవది: పూరింపని మూలమును పూరణముకంటె ముందు చూపవలెను.

ఈ నియమములు చిత్రశాలలకే పరిమితములు కావు. విఱిగిన తాళపత్రముల ఛాయాచిత్రములను యంత్రమునకిచ్చి లోపించిన అక్షరములను అడుగు దినము వచ్చినది. గణబద్ధమైన పద్యమున ఖాళీ పడినచో, యతిప్రాసలు చెడకుండ పూరించు యంత్రము నేడు కాకున్న రేపు మన బల్లపై నుండును. ఛందస్సు సరిపోవుట పాఠము సరియగుటకు నిదర్శనము కాదు; నేర్పరియైన ప్రక్షేపకుని పద్యమునందును ఛందస్సు సరిగానే యుండును. ఆ దినమున మన విద్యార్థి మొదట అక్షరములను అడుగునా, లేక పత్రమును సూర్యకాంతికెత్తి మిగిలిన గంటపుగీతలను జూచునా యనునది నేటి మన బోధనపై నాధారపడియున్నది.

మా తరగతిలోని ఆ విద్యార్థి ఇప్పుడు మెకంజీ చిత్రముల ప్రతిరూపములను ముందుంచుకొని, ఆయకవేదికలను కాగితముపై సీసపుకడ్డీతో గీయుచున్నాడు. తెలియని చోట్ల బిందువులు పెట్టుచున్నాడు. అతని చిత్రము యంత్రపు చిత్రమంత మనోహరముగా లేదు. కాని ఆ బిందువులలో కొన్నింటిని గూర్చి అతడు నాలుగు ప్రశ్నలు వ్రాసి తెచ్చెను. అందు రెంటికి మాకును సమాధానము తెలియదు. ఆ రెండు ప్రశ్నలను పరిశోధనాంశములుగా స్వీకరించితిమి.